మాడ్యూల్ మారిస్తే మూడు వారాలు: ఒక హైబ్రిడ్ ట్యాక్సీ బ్యాటరీ కేసు

నేపథ్యం

బండి పవర్ స్ప్లిట్ రకం పెట్రోల్ హైబ్రిడ్ సెడాన్. వయసు పదేళ్లు దాటింది, తిరిగింది 1.9 లక్షల కిలోమీటర్లు. కోస్తా జిల్లాల్లో ఎయిర్‌పోర్టు ట్రిప్పులకీ పెళ్లిళ్లకీ వెళ్లే ట్యాక్సీ, యజమానే డ్రైవర్. కంపెనీ, మోడల్, ఊరు, అంతకుముందు పనిచేసిన గ్యారేజీల వివరాలు ఇక్కడ అక్కర్లేదు. ఇదే నిర్మాణం ఉన్న పాత బండ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో బాగా చేతులు మారుతున్నాయి, వాటికీ బ్యాటరీలో చెడిన ముక్క (మాడ్యూల్) ఒక్కటే మార్చే వైద్యం జరుగుతోంది. అందుకే ఈ కేసు రాసిపెడుతున్నాం.

ఈ రకం బండిలో మామూలు గేర్‌బాక్స్ ఉండదు. ఒక ప్లానెటరీ గేర్ సెట్ ఉంటుంది. నడిమి సన్ గేర్‌కి చిన్న మోటార్ జనరేటర్, దాని చుట్టూ తిరిగే చిన్న గేర్లని మోసే క్యారియర్‌కి ఇంజన్, బయటి రింగ్ వైపు పెద్ద మోటారూ చక్రాలూ. ఇంజన్ టార్క్ ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో రెండుగా చీలుతుంది. ఈ తరహాలో బాగా తెలిసిన గేర్ సెట్‌లో సన్‌కి 30 పళ్లు, రింగ్‌కి 78. అంటే 72 శాతం రింగ్‌కి, 28 శాతం సన్‌కి. సన్ వైపు వెళ్లిన భాగం కరెంటుగా మారి కొంత నేరుగా పెద్ద మోటార్‌కి, మిగతాది బ్యాటరీకి చేరుతుంది. బ్యాటరీ బలహీనపడితే ఈ పంపకం మొత్తం ఇరుకున పడుతుంది. ఇంజన్ ఎక్కువసేపు తిరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు వెనక్కి రావాల్సిన శక్తి తగ్గుతుంది.

బ్యాటరీ నికెల్ మెటల్ హైడ్రైడ్. ఒక్కో సెల్ 1.2 వోల్టులు, ఆరు సెల్స్ కలిస్తే 7.2 వోల్టుల మాడ్యూల్, అలాంటివి 34 వరసగా సిరీస్‌లో: మొత్తం 244.8 వోల్టులు, 6.5 ఆంపియర్ అవర్. కరెంటు బిల్లు లెక్కలో చెప్పుకుంటే 1.6 యూనిట్లు. అందులోనూ కంట్రోల్ యూనిట్ వాడనిచ్చేది 40 నుంచి 80 శాతం మధ్య మేరే. ఇంత చిన్న బ్యాటరీ నిమిషానికోసారి 60 ఆంపియర్లు ఇస్తూ, వెంటనే 40 ఆంపియర్లు పుచ్చుకుంటూ పదేళ్లు బతికిందంటే, దాన్ని ఎప్పుడూ నిండనివ్వకుండా, ఎండనివ్వకుండా నడపడం వల్లే. ఈ సంగతి ముందుముందు పనికొస్తుంది.

వచ్చిన సమస్య

మే నెల. డ్యాష్‌బోర్డు మీద హైబ్రిడ్ సిస్టమ్ చెక్ చేయించమని హెచ్చరిక, స్కానర్‌లో పీ0ఏ80 కోడ్. ఆ కోడ్‌కి పుస్తకంలో ఉన్న అర్థం హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చమని. లీటరుకి 17, 18 ఇచ్చే బండి 13కి పడిపోయింది. మధ్యాహ్నం పూట వెనక సీటు దగ్గర ఫ్యాన్ హోరు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు స్క్రీన్ మీద బ్యాటరీ గీతలు ఆరు నుంచి రెండుకి జారిపోయి, దిగేలోగా మళ్లీ నిండిపోతున్నాయి.

అసలు చిక్కు పాత చరిత్రలో ఉంది. ఇదే కోడ్‌కి ఒక గ్యారేజీలో రెండు మాడ్యూళ్లు మార్చారు. ఆరు వారాలు నడిచింది. కోడ్ తిరిగొస్తే ఇంకో మాడ్యూల్ మార్చారు. ఈసారి మూడు వారాలే. "ప్రతిసారీ ఒక్కటే పోయిందంటున్నారండీ, మరి మళ్లీ మళ్లీ ఎందుకు పోతున్నట్టు?" అన్నది యజమాని ప్రశ్న. ఇంతకంటే సరైన ప్రశ్న ఉండదు. ఒక్కటే చెడి ఉంటే దాన్ని మార్చాక మిగతావి ఇంకో రెండేళ్లు రావాలి. ఆరు వారాలు మూడుకి తగ్గాయంటే మాడ్యూల్స్‌ని చంపుతున్నది ఇంకేదో ఉందని అర్థం, లేదా మార్చిన మాడ్యూలే ఆ పని చేస్తోందని అర్థం. ఈ బండిలో రెండూ నిజమయ్యాయి.

బ్యాటరీ తెరవకముందు

ముందు చూసింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది నీరసంగా ఉంటే కంట్రోల్ యూనిట్లు తప్పుడు కోడ్‌లు చూపిస్తాయి, ఆ ఒక్క కారణంతో పెద్ద ప్యాక్ విప్పినవాళ్లు ఉన్నారు. ఇక్కడ బండి ఆపితే 12.5, రెడీలో (కదలడానికి సిద్ధంగా ఆన్ చేసి) ఉంటే 14 వోల్టులు. దాంతో ఇబ్బంది లేదు.

తర్వాత రోడ్డు మీద బ్లాక్ వోల్టేజీలు. కంట్రోల్ యూనిట్ 34 మాడ్యూళ్లని విడివిడిగా చూడదు. రెండేసి చొప్పున 17 బ్లాకులుగా చూస్తుంది. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు స్కానర్‌లో మూడు సందర్భాలు రికార్డు చేశారు: గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, పొడవుగా బ్రేకు వేసినప్పుడు, రెండూ లేకుండా నిలబడినప్పుడు. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే జబ్బు ఏ రకమో చాలావరకు తేలిపోతుంది.

లోడ్ ఉన్నా లేకున్నా ఒక బ్లాక్ మిగతావాటికంటే ఒకే తేడాతో, సుమారు 1.2 వోల్టులు తక్కువగా ఉంటే అందులో ఒక సెల్ షార్ట్ అయినట్టు. లోడ్ వేసిన క్షణంలో బాగానే ఉండి పది పదిహేను సెకన్లకి కుంగితే కెపాసిటీ తగ్గినట్టు. డిశ్చార్జిలో అందరికంటే కిందికీ ఛార్జింగ్‌లో అందరికంటే పైకీ ఊగితే రెసిస్టెన్స్ పెరిగినట్టు. ఈ మూడోదాంట్లో మళ్లీ రెండు అవకాశాలు: రెసిస్టెన్స్ మాడ్యూల్ లోపల ఉండొచ్చు, రెండు మాడ్యూళ్లని కలిపే లోహపు పట్టీ, అంటే బస్‌బార్ దగ్గరా ఉండొచ్చు. స్కానర్‌కి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నిలబడినప్పుడు అన్ని బ్లాకులూ 15.8 వోల్టుల దగ్గరే ఉన్నాయి. 60 ఆంపియర్ల డిశ్చార్జిలో చాలా బ్లాకులు 13.6 దగ్గర ఆగితే, 9వ బ్లాక్ 12.2కి దిగింది. 40 ఆంపియర్ల ఛార్జింగ్‌లో మిగతావి 17.2, అది 18.2. లెక్క వేస్తే బాగున్న బ్లాక్‌కి 36 మిల్లీ ఓమ్‌లు, తొమ్మిదోదానికి 60. అదనం 24. డిశ్చార్జి నుంచి తీసినా ఛార్జింగ్ నుంచి తీసినా అదే అంకె వచ్చింది కాబట్టి ఇది రెసిస్టెన్స్ సమస్యేనని నమ్మొచ్చు. 8, 10 బ్లాకులు మాత్రం మొదట నిలబడి తర్వాత కుంగుతున్నాయి. గ్యారేజీలో కొత్తగా వేసిన మాడ్యూల్ 4వ బ్లాక్‌లో ఉంది. అది ఛార్జింగ్ చివర్లో అందరికంటే ముందే పైకి పోతోంది.

చెడ్డ బ్లాకులు మూడూ ప్యాక్ నడిమధ్యలోనే ఉండటం కాకతాళీయం కాదు. 9వ బ్లాక్ అంటే 17, 18 మాడ్యూళ్లు. చివరి మాడ్యూళ్లకి ఒక పక్కైనా చల్లటి లోహపు పలక ఉంటుంది, మధ్యవాటికి రెండు పక్కలా వేడి పొరుగే. ప్యాక్ లోపలి మూడు సెన్సర్లలో, నలభై నిమిషాల ప్రయాణం తర్వాత, ఏసీ నడుస్తుండగా, రెండు కొసల దగ్గరివి 41, 44 డిగ్రీలు చూపిస్తే మధ్యది 53 చూపించింది. లోపలికి వచ్చే గాలి 31 డిగ్రీలు మాత్రమే.

గాలి దారి

ఇక్కడ మొదటి నిర్ణయం: ప్యాక్ ఇప్పుడే విప్పకూడదు, ముందు గాలి సంగతి తేల్చాలి. మాడ్యూళ్లు ఎంత మంచివి వేసినా 53 డిగ్రీల చోట పెడితే అవీ అదే దారి పడతాయి.

ఈ ప్యాక్‌ని చల్లబరిచేది క్యాబిన్ గాలి. వెనక సీటు పక్కనున్న జాలీలోంచి ఒక బ్లోయర్ గాలి పీల్చి మాడ్యూళ్ల మధ్య సందుల్లోంచి తోస్తుంది. ఎంత గాలి కావాలో అంచనా కష్టం కాదు. పాతబడిన మాడ్యూల్‌కి 18 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే 34కి కలిపి 0.61 ఓమ్. ఊళ్లో ట్రాఫిక్‌లో ఎక్కీ దిగే కరెంటు సగటు ప్రభావం 30 ఆంపియర్లు అనుకుంటే, కరెంటు వర్గాన్ని రెసిస్టెన్స్‌తో హెచ్చిస్తే 550 వాట్ల వేడి. గాలి పది డిగ్రీలు మాత్రమే వేడెక్కి ఈ వేడిని మోసుకుపోవాలంటే గంటకి సుమారు 170 ఘనపు మీటర్లు పారాలి. పారేది మూడో వంతుకి తగ్గితే గాలే ముప్పై డిగ్రీలు వేడెక్కుతుంది. బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ ఇందులో సగానికి కాస్త ఎక్కువ ఉంటుంది, అప్పుడు సగం మూసుకున్న జాలీ కూడా నెట్టుకొస్తుంది. వయసు మీదపడ్డాక నెట్టుకురాలేదు.

జాలీ మీద మందపాటి రెగ్జిన్ సీటు కవర్ అంచు మడతపెట్టి బిగించి ఉంది. ట్యాక్సీల్లో ఇది మామూలే, సీటు కవర్ కుట్టేవాళ్లకి ఆ జాలీ ఎందుకుందో ఎవరూ చెప్పరు. జాలీ వెనక ఫిల్టర్ మీద దుమ్మూ నూలుపోగులూ కలిసి అట్టకట్టాయి. బ్లోయర్ రెక్కల గుంటలు కూడా నిండిపోయాయి. ఇంత జరిగినా ఫ్యాన్‌కి సంబంధించిన కోడ్ ఒక్కటీ రాలేదు. రాదు కూడా. కంట్రోల్ యూనిట్ చూసేది ఫ్యాన్ చెప్పినట్టు తిరుగుతోందా లేదా అని; గాలి పారుతోందా అని కొలిచే సెన్సర్ లేదు. రెక్కలు మూసుకుపోతే తోసే గాలి తగ్గి మోటార్ మీద బరువు తగ్గుతుంది, ఇంకా హాయిగా తిరుగుతుంది. హోరు పెరిగి వేడి తగ్గకపోతే ఫ్యాన్‌ని కాకుండా గాలి దారిని అనుమానించాలి.

ఇంకొకటి కూడా దొరికింది. ఇంతకుముందు ప్యాక్ విప్పి బిగించినవాళ్లు డక్టుకీ ప్యాక్ మూతకీ మధ్య ఉండే స్పాంజి సీలు తిరిగి పెట్టలేదు. తేలిక దారి దొరికిన గాలి మాడ్యూళ్ల సందుల్లోకి పోకుండా పక్కనుంచి జారిపోతోంది. మొదటి రిపేరు ఆరు వారాలు నిలబడి రెండోది మూడు వారాలకే పోవడంలో ఈ సీలుకీ వాటా ఉందని మా అంచనా. ఎండలు ముదరడం రెండో కారణం.

కవర్ కత్తిరించి, ఫిల్టర్ కడిగి, రెక్కలు బ్రష్‌తో శుభ్రం చేసి, అంటించుకునే స్పాంజి పట్టీతో సీలు వేశాక అదే దారిలో, అదే వేళకి మళ్లీ నడిపిస్తే మధ్య సెన్సర్ 46 దగ్గర ఆగింది. ఏడు డిగ్రీలు చిన్న విషయం కాదు. కానీ 9వ బ్లాక్ ఊగిసలాట అలాగే ఉంది. ఇక విప్పాలి.

విప్పేటప్పుడు

ప్యాక్ సర్క్యూట్‌ని మధ్యలో తెంచే సర్వీస్ ప్లగ్ లాగి జేబులో పెట్టుకోవడం, పది నిమిషాలు ఆగి ఇన్వర్టర్ కెపాసిటర్లు ఖాళీ కానివ్వడం, టెర్మినల్స్ దగ్గర మీటర్‌తో సున్నా చూసుకోవడం, 1000 వోల్టుల దాకా వాడదగ్గ క్లాస్ 0 గ్లౌజులు వేసుకోవడం, వేసుకునే ముందు వాటిలో గాలి ఊది చిల్లులు చూడటం. ఇవి అందరికీ తెలుసంటారు. చాలామంది మర్చిపోయేది ఒకటుంది. ప్లగ్ తీస్తే ప్యాక్ రెండు ముక్కలవుతుంది అంతే, ఒక్కో ముక్కలో వంద వోల్టులకి పైగా అలాగే ఉంటుంది. అందుకే బస్‌బార్లు ఒకటి విడిచి ఒకటి తీసి ముందు ప్యాక్‌ని చిన్న ముక్కలు చేసుకోవాలి. రెండు చేతులూ ఒకేసారి రెండు టెర్మినల్స్ మీదికి వెళ్లకూడదు.

బస్‌బార్ల మీద పచ్చటి చిలుము ఉంది. 17, 18 మధ్య జాయింట్ మీద 10 ఆంపియర్లు పంపి కొలిస్తే 90 మిల్లీ వోల్టులు పడుతోంది, అంటే 9 మిల్లీ ఓమ్‌లు. అదనంగా కనిపించిన 24లో 9 ఇక్కడే తేలాయి. మిగతా 15 మాడ్యూళ్ల లోపలివి. 30 ఆంపియర్ల దగ్గర ఈ ఒక్క జాయింటే ఎనిమిది వాట్లు కాస్తుంది, అదీ ప్యాక్‌లో అన్నిటికంటే వేడి చోట. బస్‌బార్లు వెనిగర్‌లో నానబెట్టి, నీళ్లలో తినేసోడా వేసి కడిగి, ఆరబెట్టి రుద్దితే జాయింట్లన్నీ ఒక మిల్లీ ఓమ్ లోపలికి వచ్చాయి. నికెల్ పూత పోయి రాగి బయటపడ్డ రెండింటిని పారేశాం.

ఏది చేయాలి

నాలుగు దారులున్నాయి. కొత్త ప్యాక్ అన్నిటికంటే నికరమైనది, కానీ బండి విలువలో పెద్ద వాటా దానికే పోతుంది, యజమాని దగ్గర అంత లేదు. లిథియం కిట్ రెండోది. దానికి ఒప్పుకోలేదు. ఈ కంట్రోల్ యూనిట్ నికెల్ సెల్ వోల్టేజీ ఎలా నడుస్తుందో తెలిసి రాసింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ వోల్టేజీ మధ్య భాగమంతా ఇంకా బల్లపరుపుగా ఉంటుంది, ఎంత నిండిందో అంచనా తప్పుతుంది. పైగా సెల్స్ ఛార్జిని సమానం చేసే బ్యాలెన్సింగ్, అత్యవసర కటాఫ్ అన్నీ బండికి తెలియకుండా కిట్ లోపల జరగాలి. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ లిథియం ప్యాక్‌తోనే వచ్చింది, అది వేరు. దానికి తగ్గ కంట్రోల్ దానితోపాటే రాశారు. ఇన్నోవా హైక్రాస్‌లో ఇప్పటికీ నికెల్ మెటల్ హైడ్రైడే ఉంది, కాబట్టి ఈ పాత కెమిస్ట్రీ పనికిరానిదేమీ కాదు.

మూడోది మళ్లీ చెడ్డవి మాత్రమే మార్చడం. అది ఎందుకు నిలవదో వివరంగా చెప్పాలి. సిరీస్‌లో అందరికీ ఒకే కరెంటు పారుతుంది. కొత్తది తక్కువ ఖర్చవుతుందనో పాతది ఎక్కువ ఖర్చవుతుందనో ఉండదు, ఆంపియర్ అవర్లు సమానం. తేడా వచ్చేది బండి ఆగి ఉన్నప్పుడు. పాత మాడ్యూల్ రాత్రికి రాత్రే తనంతట తాను ఎక్కువ కారిపోతుంది, కొత్తది అంతగా కారదు. ఈ తరహా నికెల్ ప్యాక్‌లో సెల్స్‌ని సరిచేసే బ్యాలెన్సింగ్ సర్క్యూట్ లేదు. ఫ్యాక్టరీలో జతకుదిరిన మాడ్యూళ్లనే వేస్తారు కాబట్టి అవసరం పడదు. నికెల్ సెల్స్‌ని అప్పుడప్పుడు నిండుగా ఛార్జ్ చేస్తే వాటంతటవే కాస్త సమానమవుతాయి, కానీ ఈ బండి 80 శాతం దాటనివ్వదు. దాంతో తేడా రోజురోజుకీ పేరుకుంటుంది. కొత్తది ముందే నిండి, ఆపైన వచ్చే ఛార్జిని ఆక్సిజన్‌గానూ వేడిగానూ మార్చి పక్కవాటిని ఉడికిస్తుంది. పాతవి ముందే ఎండి సెల్ ప్లస్ మైనస్‌లు తారుమారై తిరగబడేదాకా పోతాయి. ముసలి ఎద్దు పక్కన కోడెను కట్టిన కాడి అది. 4వ బ్లాక్ ఛార్జింగ్‌లో ముందుగా పైకి పోవడానికి కారణం ఇదే.

మిగిలింది నాలుగోది: అన్ని మాడ్యూళ్లనీ పరీక్షించి జతకుదిర్చి మళ్లీ కట్టడం.

పనిచేయని ప్రయత్నం

ఖర్చు తక్కువగా ఉండాలని మొదట ఉన్న 34తోనే మొదలైంది. మాడ్యూళ్లని రెండు పలకల మధ్య గట్టిగా బిగించి (బిగించకుండా ఛార్జ్ చేస్తే పొట్ట ఉబ్బి మళ్లీ సందులో పట్టవు), 3.25 ఆంపియర్లతో ఛార్జ్, 2 ఆంపియర్లతో 6.0 వోల్టుల దాకా డిశ్చార్జ్, మూడు సైకిళ్లు. 6 వోల్టుల కిందికి పోనివ్వకూడదు, సెల్‌కి ఒక వోల్టు అది. ఛార్జర్ ఆగడానికి, సెల్ నిండాక కనిపించే చిన్న వోల్టేజీ తగ్గుదలతోపాటు 45 డిగ్రీల దగ్గర ఉష్ణోగ్రత కటాఫ్ కూడా పెట్టాలి. పాత సెల్స్‌లో ఆ చివరి తగ్గుదల ఒక్కోసారి కనిపించదు, ఛార్జర్ అలాగే పోస్తూ పోతుంది.

మొదటి సైకిల్‌లో 2.9 నుంచి 4.8 దాకా చెల్లాచెదురుగా ఉన్న ఆంపియర్ అవర్లు మూడో సైకిల్‌కి 3.6 నుంచి 5.4కి పెరిగాయి. ఏళ్ల తరబడి 40, 80 మధ్యే తిరిగిన సెల్స్‌కి ఇలా కొంత తిరిగి వస్తుంది. అట్టడుగు నాలుగింటిని తీసి, అదే కెపాసిటీ చూపించిన నాలుగు వాడిన మాడ్యూళ్లు వేసి కట్టారు. బండి ఎక్కించిన రోజు లోడ్‌లో బ్లాకుల తేడా 0.4 వోల్టులు. ఐదు వారాలకి అది 0.9 అయ్యింది, కోడ్ రాకముందే బండిని పిలిపించారు.

కెపాసిటీ కొలిచేటప్పుడు నింపి వెంటనే ఖాళీ చేస్తారు. దానిలో కారిపోయే గుణం కనిపించదు. 2 ఆంపియర్ల దగ్గర 60 ఆంపియర్ల రెసిస్టెన్స్ కూడా బయటపడదు. పెరిగిన తేడాకి కారణమైన మాడ్యూళ్లు మూడు. మూడింటి కెపాసిటీ మంచిదే, ఒకటి అయితే 5.1. నింపి వారం పక్కన పెడితే సగం కారిపోయింది. గ్యారేజీల్లో కెపాసిటీ అంకె రాసిన స్టిక్కర్ అంటించి అమ్మే మాడ్యూళ్లని ఆ ఒక్క అంకె చూసి కొనకూడదు.

పనిచేసినది

యాక్సిడెంట్ అయిన అదే తరం బండి నుంచి ఇంకో పూర్తి ప్యాక్ కొన్నారు. 68 మాడ్యూళ్లు, కావాల్సింది 34. జల్లెడ నాలుగు దశల్లో పట్టారు, తేలికైన పరీక్ష ముందు, ఎక్కువ రోజులు పట్టేది చివర.

మొదట కంటితో, వెర్నియర్‌తో. ఈ మాడ్యూల్ మందం 19.6 మిల్లీమీటర్లు, అంచుకీ నడుముకీ 1.5 కంటే ఎక్కువ తేడా ఉన్నవీ, టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి కట్టినవీ పక్కకి. ఆరు పోయాయి. రెండోది పైన చెప్పిన మూడు సైకిళ్లు, 4.2 ఆంపియర్ అవర్ల లోపు ఉన్న తొమ్మిది పోయాయి. దీనికి పట్టే కాలం ముందే లెక్క వేసుకోవాలి. ఒక సైకిల్‌కి ఛార్జ్, చల్లారడం, డిశ్చార్జ్ కలిపి ఐదు గంటలు, మూడు సైకిళ్లకి పదిహేను. మిగిలిన 62 మాడ్యూళ్లని ఎనిమిది ఛానళ్ల ఛార్జర్‌తో చేస్తే ఎనిమిది విడతలు, 120 గంటలు. రెండు రోజుల్లో ప్యాక్ రీకండిషన్ చేసి ఇస్తామనే చోట ఏదో ఒక దశ ఎగిరిపోయినట్టే.

మూడోది రెసిస్టెన్స్. మాడ్యూల్‌ని సుమారు 60 శాతం నింపి, ముందు ఒక హెడ్‌లైట్ బల్బు లోడ్, పది సెకన్లు ఆగి ఒకేసారి ఆరు బల్బుల లోడ్. వోల్టేజీ తేడాని కరెంటు తేడాతో భాగిస్తే సరిపోతుంది. 12 వోల్టుల 55 వాట్ల హాలోజన్ బల్బు ఈ వోల్టేజీ దగ్గర మూడున్నర, నాలుగు ఆంపియర్లు లాగుతుంది. అంచనాతో పని లేదు, క్లాంప్ మీటర్ పెట్టి అసలు అంకె రాసుకోవాలి. 20 మిల్లీ ఓమ్‌లు దాటిన ఎనిమిది పోయాయి.

నాలుగోదే ఈ కేసుని గట్టెక్కించింది. మిగిలిన 45 మాడ్యూళ్లనీ పూర్తిగా నింపి, ఒకే గదిలో పధ్నాలుగు రోజులు ముట్టుకోకుండా ఉంచి, మళ్లీ డిశ్చార్జ్ చేసి ఎంత మిగిలిందో చూశారు. గది 32, 34 డిగ్రీల దగ్గర ఉండటం మంచిదే అయ్యింది, వేడిలో కారిపోవడం త్వరగా బయటపడుతుంది. మంచివి 75 శాతానికి పైగా నిలుపుకున్నాయి. 65 లోపుకి పడ్డ ఏడు పోయాయి. వాటిలో నాలుగు కెపాసిటీ పరీక్షలో పై వరసలో ఉన్నవి.

38 మిగిలాయి. 34 బండికి, నాలుగు విడిగా. విడిగా ఉంచినవి అరలో పెట్టి మర్చిపోతే అవీ జత తప్పుతాయి, మూడు నెలలకోసారి సైకిల్ చేయాలి.

ఏది ఎక్కడ పెట్టాలన్నది రెసిస్టెన్స్ చూసి నిర్ణయించారు. అన్నిటికంటే తక్కువ ఉన్నవి నడుమ, అంటే 7 నుంచి 11 బ్లాకులకి. ఎక్కువ ఉన్నవి కొసలకి. వేడి ఎక్కువ తగిలే చోట వేడి తక్కువ పుట్టించేవి ఉండాలని. ఒక బ్లాక్‌లోని రెండింటికీ కారిపోయే శాతం దగ్గరగా ఉండేలా జతకట్టారు. కంట్రోల్ యూనిట్ చూసేది ఇద్దరి మొత్తాన్నే కాబట్టి, ఒకదాని లోపాన్ని ఇంకొకటి కప్పిపుచ్చకూడదు.

కట్టే ముందు అన్నిటినీ ప్యారలల్‌లో ఒక రోజు కలిపి ఉంచడం చాలామంది చేస్తారు. వోల్టేజీలు సమానమవుతాయి, చూడటానికి తృప్తిగా ఉంటుంది. నికెల్ సెల్ వోల్టేజీ మధ్య భాగంలో అంతగా మారదు కాబట్టి వోల్టేజీ సమానమైనంత మాత్రాన ఛార్జ్ సమానమైనట్టు కాదు. దీనికి బదులు ప్రతి మాడ్యూల్‌నీ నిండుగా ఛార్జ్ చేసి, ప్రతిదాని నుంచీ ఒకే 1.8 ఆంపియర్ అవర్లు తీసేశారు. అందరూ పైనుంచి ఒకే దూరంలో, సుమారు 60 శాతం దగ్గర నిలబడ్డారు. బస్‌బార్ నట్లు 5.4 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచ్‌తోనే. చేతి అంచనాతో బిగిస్తే ప్లాస్టిక్‌లో నాటిన స్టడ్ తిరిగిపోతుంది, దాంతో వడగట్టి తెచ్చిన మాడ్యూల్ ఒకటి చెత్తబుట్టకి. బ్లాక్ వోల్టేజీ తీసుకునే సన్నటి తీగల కొనలు కూడా అప్పుడే శుభ్రం చేసి, మీటర్ చూపే వోల్టేజీ, స్కానర్ చూపే వోల్టేజీ 17 చోట్లా కలుస్తున్నాయో లేదో చూశారు. తీగ కొన చిలుమెక్కినా అదే కోడ్ వస్తుంది, అప్పుడు బాగున్న మాడ్యూళ్లు బలవుతాయి.

తర్వాత

నెల తర్వాత 60 ఆంపియర్ల లోడ్‌లో బ్లాకుల మధ్య తేడా 0.3 వోల్టులు, మూడు నెలలకీ అంతే. మరుసటి మే నెలలో, అదే దారిలో, తేడా 0.4, మధ్య సెన్సర్ 44 డిగ్రీలు, కొసలు 40, 41. మైలేజీ 16 దాటి వస్తోంది, కొత్తలో ఇచ్చినంత రాలేదు, రాదు. మాడ్యూళ్లకి వయసు తగ్గలేదు, ఒకరికొకరు జతకుదిరారు అంతే.

ఈ నిలకడలో గాలి వాటా ఎంత, జతకుదిర్చిన వాటా ఎంత అని విడదీసి చెప్పలేం, రెండూ కలిపి చేశాం కాబట్టి. అయితే ఐదు వారాలకి తేడా పెరిగిన ప్యాక్‌కి గాలి దారి అప్పటికే బాగుచేసి ఉంది. కాబట్టి గాలి ఒక్కటే చాలదన్నది మాత్రం ఖాయం.

యజమానికి ఇచ్చిన కాగితంలో ఉన్నవి: సీటు కవర్ మార్చినప్పుడల్లా జాలీ వదిలించాలి. ఫిల్టర్ 10,000 కిలోమీటర్లకోసారి, ఎండాకాలానికి ముందు తప్పనిసరిగా. ఎండలో నిలిపిన బండిని కదిపే ముందు అద్దాలు దించి వేడిగాలి పోనిచ్చి, ఏసీ రెండు నిమిషాలు నడవనివ్వాలి, ఎందుకంటే క్యాబిన్‌లో ఉన్న గాలే బ్యాటరీకి పోయేది. వెనక సీట్లో ఎవరూ లేరని ఏసీ కట్టేసి ఎయిర్‌పోర్టు నుంచి ఖాళీగా వచ్చే అలవాటు మానుకోవాలి. పది రోజులకి మించి బండి ఆగి ఉంటే వారానికోసారి రెడీలో పెట్టి అరగంట నడపాలి. మూడు నెలలకోసారి స్కానర్‌తో లోడ్‌లో బ్లాక్ వోల్టేజీలు; తేడా 0.8 దాటితే ముందు ఉష్ణోగ్రత, తర్వాత ఫిల్టర్, తర్వాత జాయింట్లు. ఆ మూడూ బాగుండి కూడా తేడా తగ్గకపోతే ఈ ప్యాక్‌లో మళ్లీ మాడ్యూల్ మార్చేది లేదని, నాలుగు స్పేర్లు ఉన్నా సరే కొత్త ప్యాక్‌కే వెళ్లాలని ముందే అనుకున్నారు. అందుకోసం ఆదా అవుతున్న పెట్రోల్ డబ్బులో నెలకి కొంత పక్కన పెడుతున్నాడు.